లేత అడవికి దాది ఎవరు?

పల్నాడు జిల్లాలో సత్తెనపల్లికి ఉత్తరముగా క్రోసూరు అను మండల కేంద్రము కలదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము ఈ ప్రాంతము కృష్ణా జిల్లాలో నుండెను. పిమ్మట గుంటూరు జిల్లాలో చేరి, 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్తగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోనికి వచ్చినది. ఊరి చుట్టును నల్లరేగడి పొలములు. ప్రత్తి, మిరప ఇచ్చటి ముఖ్యమైన పంటలు. పెద్ద అడవిని చూడవలెనన్నచో పడమటగా దుర్గి, వెల్దుర్తి, మాచర్ల ప్రాంతములకు, నల్లమల అంచులకు పోవలెను. అయినను అడవి ఎట్లు పుట్టునో తెలిసికొనగోరు విద్యార్థికి ఇటువంటి ఊరి పొలముగట్లే చాలును.

చాలకాలము దున్నక విడిచిన గట్టుమీద మొదట రేగు, బలుసు, కలివి వంటి ముండ్లపొదలు లేచును. కొన్ని ఏండ్లకు ఆ పొద నడుమనుండి ఒక వేపమొక్క తల యెత్తును. దానిని ఎవ్వరును నాటలేదు, నీరు పోయలేదు, చుట్టును కంప కట్టలేదు. వేపపండు తిన్న కాకియో గోరువంకయో పొదమీద వాలి గింజను విడిచినది. పొద తన నీడతో ఆ మొలకను వేసవి యెండనుండి కాచినది. తన ముండ్లతో మేకనోటినుండి కాచినది. నాలుగడుగుల దూరమున బయలుమీద పడిన గింజయు తొలకరికి మొలచియే యుండును. కాని అది మరుసటి వేసవిని చూడలేదు.

ఈ చిన్న దృశ్యములో అటవీశాస్త్రమునకు సంబంధించిన పెద్ద ప్రశ్న ఇమిడియున్నది. లేత అడవిలో చెట్ల క్రింద పెరుగు పొదలు, తీగలు, గడ్డి ఏమి చేయును? అవి మొక్కకు చెందవలసిన నీటిని, వెలుతురును పంచుకొను దాయాదులా? లేక మొక్కను సాకు దాదులా? దీనికి తోడు మరియొక ప్రశ్న కలదు. ఒకే జాతి చెట్లున్న వనము త్వరగా ఎదుగునా, లేక పలుజాతులు కలసిన వనము ఎదుగునా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటలో సుమారు నూట డెబ్బది ఏండ్లు గడచినవి. ఆ చరిత్రలో కొంత భాగము మన పల్నాటి నేలమీదనే జరిగినది.

నిలంబూరు టేకు వనము

కథ పూర్వపు మద్రాసు రాజధానిలో, నేటి కేరళలోని నిలంబూరున ఆరంభమగును. ఓడల నిర్మాణమునకు టేకు కావలసియుండెను. సహజారణ్యములలోని టేకును విచ్చలవిడిగా నరుకుటచే అది తరిగిపోవుచుండెను. అప్పుడు మలబారు కలెక్టరు కానొలీ, ఆయన క్రింది ఉద్యోగి చాతు మేనోను 1840వ దశకములో నిలంబూరువద్ద టేకు విత్తనములు మొలపించి నాటించిరి. ప్రపంచములో నాటి పెంచిన తొలి టేకు వనములలో ఇది యొకటి. వరుసలు తీర్చిన ఒకే జాతి చెట్లు. నడుమ వేరు చెట్టు లేదు. చూచుటకు ముచ్చటగా నుండెను. లెక్క కట్టుటకు సులభముగా నుండెను. అడవిని పొలమువలె సాగుచేయవచ్చునను నమ్మకము దీనివలన బలపడినది.

ఈ నమ్మకము మనదేశములోనే పుట్టినది కాదు. జర్మనీలో పదునెనిమిదవ శతాబ్దిచివర, పందొమ్మిదవ శతాబ్దిలో మిశ్రమారణ్యములను తొలగించి, త్వరగా పెరుగు స్ప్రూస్, పైన్ వంటి సూదియాకు చెట్లను వేలకొలది ఎకరములలో నాటిరి. మొదటి కోతలు లాభించినవి. తరువాత గాలివానలకు చెట్లు వరుసలు వరుసలుగా కూలుటయు, పురుగులు ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు ఆటంకము లేక ప్రాకుటయు కనబడినవి. 1886లో మ్యూనిక్ ఆచార్యుడు కార్ల్ గాయెర్ మిశ్రమ వనములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, పలుజాతులు కలసిన అడవియే నిలకడగల అడవియని వాదించెను. అంతకు ముందే 1859లో డార్విన్ తన సుప్రసిద్ధ గ్రంథములో ఇట్టి మాట నొకటి వ్రాసియుండెను: ఒక మడిలో ఒకే రకము గడ్డిని, అంతే వైశాల్యముగల వేరొక మడిలో పలురకముల గడ్డిని చల్లినచో రెండవ మడిలోనే ఎక్కువ మేత లభించును. ఆ మాటను చెట్లకు అన్వయించి పరీక్షించుటకు మాత్రము మరి నూరేండ్లకు పైగా పట్టినది.

చట్టము, కూపు, మోడు

1856 డిసెంబరులో హ్యూ క్లెగ్‌హార్న్ అను వైద్యుడు మద్రాసు రాజధానికి అటవీ కన్సర్వేటరుగా నియమితుడయ్యెను. అప్పుడే రైలుమార్గములు వచ్చుచుండెను. స్లీపరులకు కలప, యంత్రములకు వంటచెరకు కావలసివచ్చినవి. 1880వ దశకారంభమున జర్మను దేశీయుడైన డీట్రిచ్ బ్రాండిస్ ఈ రాజధాని అడవులను చూచి, వాటి పాలనకు సూచనలు చేసెను. 1882 మద్రాసు అటవీ చట్టము 1883 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. దీనితో కొండలు, గుట్టలు, ఊరిబీళ్ళు ఎన్నియో రిజర్వు అడవులైనవి. ఆంధ్రప్రదేశ్‌లో 1967 అటవీ చట్టము వచ్చువరకు కోస్తా, రాయలసీమ జిల్లాలలో ఈ పాత చట్టమే నడచినది.

పల్నాటి అడవి మలబారు అడవివంటిది కాదు. ఇచ్చట వర్షపాతము తక్కువ; ఆ కొద్ది వానయు కొన్ని నెలలలోనే కురియును. సున్నపురాతి పలకలమీద, గులకనేలమీద మట్టిపొర పలుచన. సండ్ర, చిగర, బిల్లుడు, చిరుమాను, తునికి, అందుగు, వేప ఇచ్చటి చెట్లు. వేసవిలో అధికభాగము ఆకు రాల్చును. వాటి నడుమ తంగేడు, బందారు, కలివి, రేగు, బలుసు పొదలు దట్టముగా నుండును. 1936లో ఛాంపియన్ భారతదేశపు అడవులను తరగతులుగా విభజించెను. 1968లో సేఠ్‌తో కలసి ఆ విభజనను సవరించెను. దాని ప్రకారము ఇవి దక్షిణపు ఎండు ఆకురాల్చు అడవులలోను, ముండ్లపొద అడవులలోను చేరును.

ఇట్టి అడవికి అధికారులు ఎన్నుకొన్న పద్ధతి కూపుల పద్ధతి. అడవిని కూపులను భాగములుగా విభజించి, ఏటేట ఒక కూపును నేలమట్టముగా నరుకుదురు. మోడులనుండి చిగుళ్ళు వచ్చి మరల అడవియగును. మోడు చిగురునకు పాతవేరు బలము కలదు గనుక అది విత్తనపు మొలకకన్న త్వరగా ఎదుగును. కాని ఒక చిక్కు కలదు. చిగురు మేకకందని ఎత్తు ఎదుగువరకు దానికి కాపు కావలెను. కావున నరికిన కూపును కొన్ని ఏండ్లపాటు పశువులు చొరకుండ మూసివేసిరి. శాస్త్రమునుబట్టి చూచిన ఇది సహేతుకమే. కాని ఆ అడవి ప్రక్కనే ఊరు కలదు. ఊరిలో పశువులు కలవు.

పుల్లరి

పుల్లు అనగా గడ్డి. అరి అనగా పన్ను. అడవిలో పశువులను మేపుకొనుటకు చెల్లింపవలసిన రుసుమే పుల్లరి. తాతలనాటినుండి స్వేచ్ఛగా మేపుకొనుచుండిన చోట రుసుము కట్టవలసివచ్చుట రైతులకు కష్టముగా తోచినది. మూసిన కూపులోనికి పశువు పోయినచో దానిని బందెలదొడ్డికి తోలుదురు; అపరాధరుసుము కట్టి విడిపించుకొనవలెను. ఇట్టి ఫిర్యాదులు రాజధాని అంతటను హెచ్చుటచే ప్రభుత్వము ఒక అటవీ సంఘమును నియమింపగా, అది 1913లో నివేదిక సమర్పించినది.

పల్నాటిలో ఈ కష్టము 1921లో ఉద్యమరూపము దాల్చినది. సహాయ నిరాకరణోద్యమము నడచుచుండిన ఆ రోజులలో రైతులు పుల్లరి కట్ట నిరాకరించి, అనుమతి లేకయే పశువులను అడవిలోనికి తోలిరి. ఉద్యోగులను సాంఘికముగా బహిష్కరించిరి. ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ సందర్భమున చెరసాలకు వెళ్ళెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడువద్ద పోలీసులు కాల్చిన తుపాకిగుండ్లకు కన్నెగంటి హనుమంతు బలియయ్యెను. పల్నాటి పుల్లరి సత్యాగ్రహముగా ఇది ఆంధ్రదేశ చరిత్రలో నిలచిపోయినది.

ఈ ఘట్టమును స్వాతంత్ర్యోద్యమ పాఠముగా విద్యార్థులు చదువుదురు. దీనిలో ప్రకృతిశాస్త్ర పాఠము కూడ నొకటి కలదు. ఆవు, ఎద్దు, గేదె ముఖ్యముగా గడ్డిని మేయును. మేక చిగురును, ఆకును, లేతకొమ్మను కొరుకును. గడ్డి కూడ లేతమొక్కకు హాని చేయగలదు. దాని వేళ్ళు నేలపైపొరలో దట్టముగా అల్లుకొని, చిన్నమొలక వేరు లోతునకు దిగకముందే నీటిని పీల్చివేయును. వేసవిలో ఎండిన గడ్డియే కారుచిచ్చునకు ఇంధనమగును. కావున పశువులు మితముగా మేసిన అడవిలో నిప్పుభయము తగ్గవచ్చును. మేత మితిమీరినచో మొలక మిగులదు. పశువు మిత్రమా, శత్రువా అను ప్రశ్నకు సమాధానము ఏ పశువు, ఎన్ని, ఏ ఋతువులో అను మూడు మాటలపై ఆధారపడును. పుల్లరి రసీదులో ఈ మూడింటికిని ఇమిడిన సమాధానము లేదు. ఊరి పశులకాపరికి ఈ భేదములు అనుభవమున తెలిసియుండును. అతనిని అడుగవలెనను ఆలోచన అనేక దశాబ్దములకు గాని చట్టములోనికి రాలేదు.

మేత మితిమీరిన చోట సహితము అడవి పూర్తిగా నశింపకుండ నిలిపిన దొకటి కలదు. అదియే ముండ్లపొద. కలివిపొద నడుమ మొలచిన చిరుమానును మేక అందుకొనలేదు. నాటిన మొక్కకు రైతు కంప కట్టును; ప్రకృతి పచ్చికంపనే కట్టినది.

బర్మానుండి వచ్చిన ఎదురుమాట

పొదలన్నియు దాదులేయని యిప్పుడే తీర్పు చెప్పరాదు. బర్మా టేకు అడవులలో అధికారులు ఏండ్లతరబడి నిప్పు రాకుండ కాపాడిరి. నిప్పు లేకపోయినచో టేకుమొక్కలు సమృద్ధిగా వచ్చునని వారి ఆశ. జరిగినది వేరు. వానలు మెండుగాగల ఆ ప్రాంతములలో నిప్పు తగ్గుటతో పచ్చని పొదలు, వెదురు, తీగలు దట్టముగా క్రమ్మి నేలకు వెలుతురు లేకుండ చేసినవి. టేకు మొలకకు ఎండ ఎక్కువగా కావలెను; నీడలో అది నశించును. 1896లో అటవీ అధికారి స్లేడ్, 1875 నుండి వెలువడుచున్న ‘ఇండియన్ ఫారెస్టర్’ పత్రికలో, బర్మాలో నిప్పుకాపు మితిమీరినదని వ్రాసెను. తన శాఖ గర్వముగా చెప్పుకొనుచున్న పనినే అతడు తప్పుపట్టెను గనుక ఆ వ్యాసముపై చాల చర్చ జరిగినది. అస్సాము, బెంగాలు ప్రాంతములలోని తడిగల సాల అడవులలో కూడ ఇట్టి అనుభవమే కలిగినది. అచ్చటను పచ్చని పొదలు దట్టమై సాలమొక్కలు కరువైనవి.

అప్పటికి రెండు అనుభవములు ఎదురెదురుగా నిలచినవి. పల్నాటి మెట్టలో పొద దాది. బర్మా తడినేలలో పొద దాయాది. రెండును కంటితో చూచిన నిజములే. రెండింటిని కలుపు సూత్రము మాత్రము అప్పటికి దొరకలేదు.

మొలక చచ్చి బ్రతుకుట

1921లో ట్రూప్ అను శాస్త్రజ్ఞుడు భారతీయ వృక్షముల పెంపకమును గూర్చి మూడు సంపుటములు ప్రకటించెను. మొలక ఎట్లు లేచును, ఎండకు, మంచునకు, నీడకు ఎంతవరకు ఓర్చును అను సంగతులు వాటిలో జాతివారీగా వివరింపబడినవి. సాల, ఏగిశ వంటి కొన్ని చెట్ల మొలకలలో ఒక చిత్రమైన గుణము కలదు. వానకాలములో కాండము పెరుగును. వేసవి రాగానే అది ఎండి రాలిపోవును. మొక్క చచ్చినదని మనమనుకొందుము. కాని వేరు బ్రతికియే యుండి, మరుసటి తొలకరికి మరల కాండమును పంపును. ఇట్లు కొన్ని ఏండ్లు గడచిన తరువాత, వేరులో నిలువచేసికొన్న ఆహారము చాలినంత అయినపుడు, ఒక ఏట కాండము నిలచి పైకెదుగును.

ఎండు అడవి బాల్యమంతయు నేలక్రిందనే గడచునన్నమాట. పైకి చూచువానికి అచ్చట పిచ్చిమొక్కలు, పొదలు మాత్రమే కనబడును. వాటిని చదునుచేసి నేలను దున్ని కొత్తమొక్కలు నాటినచో, ఏండ్ల తరబడి వేరు పెంచుకొన్న వందలాది సహజమొక్కలు నాగటిచాలులో పోవును. అటువంటి చోట పొదను నరుకుటకు ముందు వంగి చూచుట మొదటి పాఠము.

పురుగు, పొద, టేకు

మరల నిలంబూరునకు వత్తము. టేకు తోటలకు ఆకుపురుగు పట్టుట సాధారణమైనది. తొలకరికి లేతయాకు రాగానే ఈ చిలుక జాతి గొంగళిపురుగు లక్షలుగా లేచి తోటను కొద్దిదినములలో మోడుచేయును. చెట్టు చావదు, మరల ఆకు తొడుగును. అందుచేత నష్టము లేదనియే చాలమంది తలచిరి. తరువాతి కాలమున కేరళ అటవీ పరిశోధనా సంస్థవారు లేత టేకు తోటలలో కొన్ని చెట్లను పురుగునుండి కాపాడి, కొన్నింటిని విడిచి కొలిచిరి. పురుగువలన కలపవృద్ధిలో సుమారు 44 శాతము నష్టపోవుచున్నట్లు తేలినది. ఎదిగే వయస్సులో ఇది చాల గొప్ప నష్టము.

డెహ్రాడూన్‌లో 1906లో అటవీ పరిశోధనా సంస్థ స్థాపింపబడినది. అందలి కీటకశాస్త్రజ్ఞుడు బీసన్ 1930వ దశకములో ఈ పురుగును అరికట్టుటకు ఒక మార్గము సూచించెను. గొంగళిపురుగు శరీరములో గ్రుడ్లు పెట్టి దానిని చంపు చిన్న కందిరీగలు, ఈగలు కలవు. టేకుపురుగు లేని నెలలలో ఈ మిత్రకీటకములు బ్రతుకుటకు వేరు పురుగులు కావలెను. ఆ పురుగులకు వేరు మొక్కలు కావలెను. కావున టేకుక్రింద పొదలన్నిటిని నరుకక, మేలుచేయు జాతులను ఉంచి కీడుచేయు జాతులను తీయవలెననియు, తోటల నడుమ సహజారణ్యపు పట్టీలను విడువవలెననియు అతడు చెప్పెను. ఈ పురుగుయొక్క చిలుకలు దూరప్రాంతములకు వలసపోగలవని తరువాత తెలిసినది. కావున పొదలు మాత్రమే దానిని పూర్తిగా ఆపజాలవు. అయినను బీసన్ సలహాలో ఒక కొత్త చూపు కలదు. పొద, చెట్టు అను ఇద్దరే కాక, వారి నడుమ పురుగు, పురుగును తిను పురుగు, గింజను తెచ్చు పక్షి వంటి వారెందరో ఉన్నారని అతడు గుర్తించెను. జాతుల మిశ్రమము అడవికి మేలుచేయు మార్గములలో ఇది యొకటి. ఒక జాతికి పట్టు పురుగు వేరొకజాతికి పట్టదు. చెట్టుకు చెట్టుకు నడుమ అన్యజాతి అడ్డుగోడ యగును.

ప్రయోగముల యుగము

స్వాతంత్ర్యానంతరము 1950 జూలైలో కేంద్రమంత్రి మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. నాటుట జాతీయోత్సవమైనది. తరువాతి దశాబ్దములలో కాగితపు గుజ్జుకు, వంటచెరకునకు నీలగిరిచెట్లు విరివిగా నాటిరి. 1975లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ ఇట్టి తోటలను పెంచినది. రైతులును కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో సుబాబుల్ వేసిరి. తోట తోటగా లాభించినది, సందేహము లేదు. కాని తోటనే అడవియని పిలువవచ్చునా అను ప్రశ్న మిగిలినది. దానికి కొలతలతో సమాధానము కావలసివచ్చినది.

తొలి కొలతలు గడ్డినేలలలో దొరకినవి. అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ టిల్మన్, జాన్ డౌనింగ్ 1994లో ఒక ఫలితము ప్రకటించిరి. 1988 నాటి గొప్ప అనావృష్టిలో కొద్దిజాతులున్న మడులు ఎక్కువగా దెబ్బతిన్నవి. పలుజాతులున్న మడులు తట్టుకొనినవి. కరవు ఎరిగిన పల్నాటివారికి ఈ మాట సులభముగా బోధపడును. ఒకే పైరు వేసిన రైతుకన్న నాలుగు పైర్లు వేసిన రైతు కరవునాడు కొంత మిగుల్చుకొనును.

చెట్లతో ఇట్టి ప్రయోగము చేయుటకు ఓపిక, స్థలము ఎక్కువగా కావలెను. చైనాలోని జియాంగ్‌షీ రాష్ట్రములో 2009, 2010 సంవత్సరములలో ఒక మహాప్రయోగము ఆరంభమైనది. కొన్ని మడులలో ఒకే జాతి, కొన్నిట 2, 4, 8, 16 ఇట్లు 24 జాతులవరకు నాటిరి. కొన్ని మడులలో చెట్ల నడుమ పొదజాతులను కూడ నాటిరి. 8 ఏండ్ల పెరుగుదల తరువాతి ఫలితము 2018లో వెలువడినది. 16 జాతుల మడులలో చెట్లు హెక్టారుకు సుమారు 32 టన్నుల కర్బనమును కూర్చుకొనగా, ఏకజాతి మడుల సగటు సుమారు 12 టన్నులే. అయితే వ్యాపారమునకు నాటు రెండు మేటిజాతుల ఏకజాతి మడులు కూడ మిశ్రమముతో సమానముగా పెరిగినవి. కావున ఏకజాతి తోట ఎన్నడును ఎదుగదనుట సరికాదు. కాని ఏ జాతి మేటియగునో ముందుగా తెలియని చోట, వాన నిలుకడలేని చోట, పలుజాతుల మిశ్రమమే నమ్మదగినది.

ఇది ఎట్లు సాధ్యము? చెట్లన్నియు ఒకే అంగడిలో ఒకే సరకు కొనవు. ఒకదాని వేరు లోతునకు పోవును. మరియొకదానిది పైననే ప్రాకును. అందుగు నెలలతరబడి ఆకులేక నిలచును. వేప మండువేసవికి ముందే కొత్తయాకు తొడుగును. కానుగ వంటి కాయజాతి చెట్లు వేరుబుడిపెలలోని సూక్ష్మజీవుల సాయమున గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. వాటి రాలిన ఆకు ఇతరులకు ఎరువగును. ఒకే జాతి చెట్లు ఒకే లోతున, ఒకే నెలలో, ఒకే పోషకమునకై పోటీపడును.

రెండు అనుభవములను కలిపిన సూత్రము

పొద సంగతికి వత్తము. పల్నాటి అనుభవమును, బర్మా అనుభవమును కలుపగల సూత్రమును 1994లో మార్క్ బెర్ట్‌నెస్, రేగన్ కాలవే అను అమెరికను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దాని సారాంశ మిది: బ్రతుకు సులభమైన చోట ఇరుగుపొరుగు మొక్కలు పోటీదారులు, బ్రతుకు కష్టమైన చోట అవే సహాయకులు. నీరు, తేమ సమృద్ధిగా నున్నపుడు మొలకకు కొరత వెలుతురే. పొద దానిని దొంగిలించును. ఎండ మాడ్చుచున్నపుడు, పశువులు కొరుకుచున్నపుడు మొలకకు కావలసినది రక్షణయే. పొద దానిని ఇచ్చును. పొద త్రాగిన నీరు నష్టమే. కాని పొదనీడవలన ఆరకుండ మిగిలిన తేమ ఆ నష్టమును మించును.

దీనికి స్పెయిను దేశములోని సియర్రా నెవాడా పర్వతములలో గట్టి నిదర్శనము దొరకినది. అచ్చట 1997 మొదలు 2001 వరకు 11 జాతుల మొక్కలను 16 రకముల పొదల నీడలోను, బయలుమీదను నాటి చూచిరి. మొక్కల సంఖ్య 18,000కు పైన. మొత్తముమీద పొదనీడ మొక్కలను బ్రతికించినది. ఆ సాయము తేమగల నీడవాలులకన్న ఎండవాలులమీద, పొడిగల తక్కువయెత్తు ప్రదేశములలో ఎక్కువగా కనబడినది. అయితే పొదలన్నియు ఒక్కటి కావు. కొన్ని జాతుల పొదలు మొక్కలకు హానియే చేసినవి. పొదలన్నిటిని తీసివేసిన తరువాతనే మొక్కలు నాటవలెనను పాత ఆచారమునకు ఈ ఫలితము ఎదురు సాక్ష్యము. శతాబ్దములుగా క్రోసూరువంటి ఊళ్ళ గట్లమీద కనబడుచున్నదే ఇచ్చట అంకెలలోనికి వచ్చినది.

సర్కారు తుమ్మ

ఏ పొద దాదియగును, ఏ పొద కాజాలదు అను భేదము తెలియుటకు సర్కారు తుమ్మ మంచి ఉదాహరణము. ఈ అమెరికాఖండపు చెట్టు మన దేశమునకు వచ్చిన తొలి చోట్లలో కడప జిల్లాలోని కమలాపురము ఒకటి. వంటచెరకు కొరత తీర్చుటకై కన్సర్వేటరు బెడ్డోము కోరగా, జమైకానుండి విత్తనములు తెప్పించి 1877 ప్రాంతమున అచ్చట నాటిరి. మెట్టనేలలో వేరు చెట్టు పెరుగని చోట ఇది పెరిగినది; పేదల పొయ్యికి కట్టె, బొగ్గు, పొలమునకు కంప సమకూర్చినది. పశువులు, మేకలు దాని తీయని కాయలను తిని గింజలను ఊరూర చల్లినవి. నరికినచో మోడు మరల చిగుర్చును. నేడు పల్నాటి బీళ్ళలోను, చెరువుకట్టలమీదను ఇది దట్టముగా అల్లుకొనియున్నది. చోటునంతను తానే ఆక్రమించి ఒకేజాతి వనమును నిర్మించుకొను స్వభావము దీనికి కలదు. ఉద్యానములకై 1800ల ఆరంభమున మనదేశమునకు తెచ్చిన లాంటానా, అనగా పులికంప, అడవులలో ఇట్లే వ్యాపించినది.

కలివి, బలుసు పొదలు చెట్టునకు చోటిచ్చి, చెట్టు ఎదిగిన పిమ్మట దాని నీడలో తగ్గియుండును. సర్కారు తుమ్మ, పులికంప చోటు విడువవు. దాది పని పెంచుట. పెంచిన పిమ్మట తప్పుకొనుట. ఈ రెండవ గుణము లేనిది దాది కాజాలదు. అన్యదేశపు జాతులను దీర్ఘకాల పరీక్ష లేనిదే ప్రవేశపెట్టరాదని 1988 జాతీయ అటవీ విధానము చెప్పుటకు ఇట్టి అనుభవములే కారణము.

ఊరికి తిరిగివచ్చిన అడవి

1988 విధానము మరియొక మార్పు తెచ్చినది. అడవి రక్షణలో ప్రక్క ఊరివారికి పాలు ఉండవలెనని అది ఒప్పుకొనినది. 1992లో ఆంధ్రప్రదేశ్‌లో వనసంరక్షణ సమితులు మొదలైనవి. పుల్లరికై తుపాకి మ్రోగిన డెబ్బది ఏండ్లకు, కాపు ఎప్పుడు, మేత ఎచ్చట అను మాటలను ఊరివారితో కూర్చుండి నిర్ణయించుకొను పద్ధతికి ఆరంభము జరిగినది. ఎండు అడవులలో నేలను దున్ని కొత్తగా నాటుటకు బదులు, ఉన్న మోడులను సవరించి, సహజముగా వచ్చిన మొక్కలను కాపాడి, ఖాళీలలో మాత్రమే స్థానికజాతులను నాటు పద్ధతియు వ్యాపించినది. తక్కువ ఖర్చుతో ఎక్కువ జాతులు నిలుచుట దీని సుగుణము.

ఈ చరిత్రను పాఠశాలలోనే పరీక్షించి చూడవచ్చును. ఊరిబయట దున్నని గట్టునో, గుట్టవాలునో ఎన్నుకొని, పది పొదలను గుర్తింపవలెను. ప్రతి పొదక్రిందను, దాని ప్రక్క అంతే వైశాల్యముగల బయలుమీదను ఉన్న చెట్టుమొలకలను లెక్కించి, జాతిపేర్లతో పట్టిక వేయవలెను. కార్తికములో ఒకమారు, మరల మృగశిరకు ముందు ఒకమారు లెక్కించినచో, వేసవిని దాటినవి ఎన్ని, ఎవరి నీడలో దాటినవి అను సంగతి తెలియును. స్థానిక పొదలక్రింది లెక్కను సర్కారు తుమ్మ క్రింది లెక్కతో పోల్చినచో మరియు మంచిది. కొడవలి పట్టుకొని పొదను నరుకబోవు చేయి, ఆ పట్టికను చూచిన పిమ్మట, ఒక్కక్షణమాగి ఆ పొద ఒడిలో ఏమి పెరుగుచున్నదో వెదకును.